ఫాగ్ లైట్లు వేసినా పోని మంచు

బామ్మర్ది రాజలింగంకు మీ బావ రాసేది.

ఫోన్‌ల చెప్తే మీ అక్క వింటది, అందుకే రాస్తున్న. నా కారుకు నువ్వు బిగించిన ఫాగ్ లైట్లు సరిగ్గ వెలుగుతలేవని, వైర్లు తప్పు కలిపినవని నీ షాపు ముందర అందరిల తిట్టిన. పొద్దుగాల క్యాంపస్ రోడ్డు మీద మంచుల నాకు ఏం కనిపిస్తలేదు మరి. పూజ చేసి లైట్ల మీద పెట్టిన కుంకుమ బొట్లు అడ్డమొచ్చినయేమోనని అవి గూడ తుడిచిన.

నిన్న మీ అక్కకు డయాలసిస్ అయినంక మధ్యాహ్నం ఇంటికి తీసుకొస్తున్న. తార్నాక సిగ్నల్ కాడ గూడ అదే మంచు. లైట్లు వేసిన.

"ఎండ మండుతుంటే లైట్లెందుకయ్యా? పిచ్చిగిట్ల లేసిందా?" అని మీ అక్క నవ్వింది. నేను గూడ నవ్విన.

లైట్లు మంచిగనే ఉన్నయి. పోతున్నయి నా కండ్లు. ఆమెను పక్కన పెట్టుకొని ఎవరినన్న గుద్దితే ఏం చెయ్యాలె? ఆమె ఇంకెవరి బండి ఎక్కదు. నా కండ్ల సంగతి ఆమెకు నేను చెప్పలేను.

బేస్తారం పొద్దుగాల మళ్ల దవాఖానకు పోవాలె. నువ్వు రా. వైరింగ్ చూడాలంటే నేనే నడపాలె బావా అని ఆమె ముందర గట్టిగ చెప్పు. నేను కొంచెం లొల్లి చేస్త. నువ్వు ఊకోకు, తాళం గుంజుకో.