అశోక్‌నగర్ మలిగి, అందులోని ఉమ్మడి సామాను

కీర్తిశేషులు కిషన్ రావు గారి భార్యను, అశోక్‌నగర్ నివాసిని, నారాయణగూడలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైన అరుంధతి అను నేను, నా డెబ్బై నాలుగో ఏట రాసుకున్న వీలునామా ఇది. మోకాళ్లు నా మాట వినడం లేదు గానీ బుద్ధి ఇంకా వింటోంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఆశపెట్టలేదు. ఏది ఎవరికిస్తున్నానో తెలిసే ఇస్తున్నాను. ఇంతకుముందు ఏ వీలునామా రాయలేదు.

దీన్ని అమలుపరిచే బాధ్యత నా పాత విద్యార్థి, దోమలగూడలో ఉండే అడ్వకేట్ సుధీంద్రకు అప్పగిస్తున్నాను. కారణాలు రాయనక్కర్లేదు మేడం అన్నాడు. నేను రాయకపోతే మావాళ్లు తలా ఒకటి కల్పించుకుంటారు. అందుకే రాస్తున్నాను.

1. మేముంటున్న మొదటి అంతస్తు ఫ్లాటు నా తదనంతరం నా ఒక్కగానొక్క కొడుకు ఉమాకాంత్‌కు సర్వహక్కులతో చెందుతుంది. అటక మీది అట్టపెట్టెలు కూడా వాడివే. గృహప్రవేశాలకూ పుట్టినరోజులకూ వచ్చిన గోడగడియారాలు, పింగాణీ కప్పులు, ఇప్పటికీ విప్పనివి ఉన్నాయి. ఎవరికైనా పనికొస్తాయని దాచాం. ఆ ఎవరో ఇంతవరకూ రాలేదు.

2. నా రెండుపేటల గొలుసు మనవరాలు ఆమనికి. పాతమోడల్, కరిగించి కొత్తది చేయించుకోమని షాపువాళ్లు అంటారు. నీకూ అలాగే అనిపిస్తే చేయించుకో తల్లీ. నాతో వాదించే పని ఎలాగూ ఉండదు.

3. కింద వీధివైపున్న మలిగి నా పేరున ఉంది. మా ఆయన అందులో చాలా ఏళ్లు బట్టల దుకాణం నడిపారు. పెద్ద షోరూములొచ్చాక గిరాకీ తగ్గి మూసేశారు. ఆ మలిగిని, అందులోని సామానుతో సహా, నా కోడలు సంయుక్తకు ఇస్తున్నాను. ఇది చదివి ఉమాకాంత్ నొచ్చుకుంటాడు. సంయుక్త అసలు నమ్మదు. కాబట్టి జరిగింది మొదటినుంచి చెబుతాను.

2020 అక్టోబరు వానలకు పక్కనున్న మురుగునీటి నాలా పొంగి మా వీధి మునిగింది. కింది ఇళ్లవాళ్లంతా కరోనా భయం కూడా పక్కనపెట్టి పైకి వచ్చేశారు. కరెంటు లేదు. వాళ్ల గ్యాస్ బండలు నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీసేదాకా అందరికీ మా పొయ్యి మీదే వండాం. బియ్యం ఒకరివి, పప్పు ఒకరిది, గిన్నెలు ఎవరివో ఎవరికీ తెలియదు. అంత కష్టంలోనూ ఎవరికీ ఏదీ తక్కువైనట్టు అనిపించలేదు.

నీళ్లు పోయాక పరుపులు, సోఫాలు, ఫ్రిజ్‌లు రోడ్డు మీద కుప్పపోశారు. మున్సిపాలిటీ లారీ ఎత్తుకుపోయింది. దీపావళికల్లా కొత్తవి దిగాయి. పరుపూ ఫ్రిజ్జూ లేకుండా ఎవరుంటారు, దానికి నేనేమీ అనను. కానీ ఏడాదికోసారి బూజు దులపడానికి వాడే నిచ్చెన కూడా ఇంటింటికీ ఒక్కోటి వచ్చింది. కోరికలకు అంతులేదు, వనరులకు అంతుంది అని నేను ఏళ్లతరబడి బోర్డు మీద రాశాను. మా మెట్ల కిందే వరసగా నిలబెట్టిన నిచ్చెనలు చూశాక ఆ పాఠం చెప్పినందుకు నాకే సిగ్గనిపించింది.

అప్పుడు మలిగి షట్టరు ఎత్తించాను. మా నిచ్చెన, డ్రిల్లింగ్ మిషన్, పెద్ద గుండిగలు, స్టీలు కంచాలు, ఉమాకాంత్ పడుకున్న ఊయల, మా ఆయన చివరిరోజుల్లో వాడిన చక్రాల కుర్చీ అందులో పెట్టాను. కావలసినవాళ్లు తీసుకెళ్లాలి, పనయ్యాక తెచ్చి పెట్టాలి. కిరాయి లేదు. మెల్లగా వేరేవాళ్లూ తమ సామాను తెచ్చి పెట్టారు.

అసోసియేషన్ సెక్రటరీ వీరరాఘవరావు గారు మీటింగులో అందరిముందూ, “అరుంధతి గారూ, ఇది అపార్టుమెంటా, పాతసామాన్ల కొట్టా? ఫ్లాట్ల రేట్లు పడిపోతాయండీ” అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

మమ్మల్ని చూసి రాంనగర్‌లో ఒక కాలనీవాళ్లు మొదలుపెట్టి, ఏడాది తిరక్కుండా మూసేశారు. హైదర్‌గూడలో రిబ్బన్ కత్తిరించిన గది మళ్లీ తెరుచుకోలేదు. టీవీవాళ్లొచ్చి నన్ను నిచ్చెన పట్టుకుని నవ్వమన్నారు. నవ్వాను. ఆ కార్యక్రమం మధ్యలో పండగ సేల్ ప్రకటనలు నాకంటే ఎక్కువసేపు వచ్చాయి.

“అమ్మా, ఎవరు మారిన్రు చెప్పు? కోచింగ్ సెంటరోళ్లు మలిగి కిరాయికి అడుగుతున్నరు. నువ్వు జర రెస్టు తీస్కో” అన్నాడు ఉమాకాంత్. వాడు ఆశకొద్దీ అన్నమాట కాదది, నా అవస్థ చూడలేక అన్నాడు. ఎవరు మారారో చెప్పడానికి నా దగ్గరా ఒక్క పేరు లేదు.

ఇక సంయుక్త. ఆమె పేరుమీద మా ఇంటికి పార్సిల్ రాని వారం లేదు. వచ్చినప్పుడల్లా నేను ఏదో ఒకటి అనేదాన్ని. ఒకరోజు ఆమె విసిగిపోయి, “అత్తమ్మా, మీ మిక్సీ ఇరవై ఏండ్లు నడిచింది. నాది నాలుగేండ్లకే పాడైంది. బాగుచేద్దామంటే పార్టు దొరకదన్నరు. కొనుడు నాకేమన్న సరదానా?” అంది.

తర్వాత వాషింగ్ మిషన్ ఆగిపోయింది. కొని మూడేళ్లే అయింది. కంపెనీ మనిషి వచ్చి లోపలి బోర్డు తయారుచేయడం మానేశామని, ఎక్స్ఛేంజిలో కొత్తది తీసుకొమ్మని చెప్పాడు. సంయుక్త తీసుకుంటుందనే అనుకున్నాను. తీసుకోలేదు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసింది. లాయరును పెట్టుకోలేదు. ఆఫీసుకు సెలవు పెట్టి తనే వెళ్లేది, వాయిదా పడిందని తిరిగొచ్చేది.

అన్నాళ్లూ బట్టలు చేత్తోనే ఉతికాం. దుప్పట్లు మేడ మీద ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టుకుని పిండేవాళ్లం. పెళ్లయి వచ్చాక ఆమె నాతో అంతసేపు మాట్లాడింది అప్పుడే. చిన్నప్పుడు చిక్కడపల్లి బజారులో అద్దాల వెనక బొమ్మలు చూస్తూ నడిచేదట. ఏదీ కొనిచ్చేవాళ్లు కాదట. “ఇప్పుడు పార్సిల్ విప్పితే గదే సంతోషం అత్తమ్మా. విప్పినాంక ఉండది” అంది. నేను దుప్పటి కొస వదిలేసి ఆమె పక్కకు వెళ్లి నిలబడ్డాను.

చివరికి కంపెనీవాళ్లే దిగొచ్చి కొత్త మిషన్ ఇస్తాం, కేసు వెనక్కి తీసుకొమ్మన్నారు. ఆ రోజు నేనూ సంయుక్త వెంట వెళ్లాను. “నాకు కొత్తది వద్దు సార్. నా మిషనే బాగుచేసి ఇయ్యుర్రి. మూడేండ్లకే పార్టు ఎందుకు దొరకదో రాసియ్యుర్రి” అంది. ఇంట్లో ఉమాకాంత్ తల పట్టుకున్నాడు. ఆర్డరు ఆమె పక్షాన వచ్చింది. తయారుచేయడం లేదన్న బోర్డు ఎక్కడినుంచో వచ్చింది. మిషన్ ఇప్పుడు తిరుగుతోంది, కాస్త చప్పుడెక్కువ.

ఆ సంగతి తెలిసి చిక్కడపల్లి నుంచి, నారాయణగూడ నుంచి ఆగిపోయిన మిక్సీలు, ఫ్యాన్లు పట్టుకుని జనం వస్తున్నారు. సంయుక్త శనివారం సాయంత్రాలు మలిగిలో కూర్చుని ఫిర్యాదు ఎలా రాయాలో చెబుతుంది. ఎవరికీ నీతులు చెప్పదు. బహుశా అందుకే వింటున్నారు. తనకు పార్సిళ్లు రావడం మాత్రం ఆగలేదు. నిన్న కూడా ఒకటి వచ్చింది, చెప్పులు.

మలిగి ఆమెకు ఏ షరతూ లేకుండా ఇస్తున్నాను. నడపాలనిపిస్తే నడపనీ, కిరాయికివ్వాలనిపిస్తే ఇవ్వనీ. ఉమాకాంత్ గానీ మరెవరు గానీ ఇందులో అభ్యంతరం చెప్పడానికి వీల్లేదు.

4. మలిగి సామానులో చక్రాల కుర్చీని మాత్రం మినహాయిస్తున్నాను. వీరరాఘవరావు గారి తల్లి సుబ్బులు గారికి తుంటి విరిగినప్పుడు ఆయన మొహం చాటేసి వాచ్‌మన్‌ను పంపి దాన్ని తెప్పించుకున్నారు. తర్వాత ఆమెకు కొత్తది కొన్నారు. ఆమె పాతదాన్నుంచి దిగనంది. మా ఆయన కళ్లజోడు కోసం పాతకుర్చీ చేతికి నేనొక గుడ్డసంచీ కుట్టాను. “నా జపమాల ఇందులో పెట్టుకుంటున్నాన్రా. కొత్తదానికి సంచీ ఏదీ?” అన్నదట. ఆయన కొత్తకుర్చీ తెచ్చి మలిగిలో పెట్టి వెళ్లిపోయారు. పాతకుర్చీ సుబ్బులు గారిదే, ఎవరూ అడగకూడదు. మీటింగులో అన్న మాట లెక్క వేరు, అది అలాగే ఉంది.

5. నా కర్మకాండకు వచ్చినవారికి స్టీలు డబ్బాలు పంచవద్దు. ఎవరికీ కొత్తబట్టలు పెట్టవద్దు. మలిగి గుండిగల్లో వండి, తోమి, వాటి చోట వాటిని పెట్టండి. నా చీరలు కట్టుకునేవాళ్లు కట్టుకోండి, లేదంటే దిండుగలీబులు కుట్టించండి.

6. వీధి మొత్తాన్ని మార్చాలని మొదలుపెట్టాను. నాకు తెలిసి ఒక్క మనిషి కదిలింది, అదీ నేను చెప్పినందుకు కాదు. ఇంతకంటే చేసే ఓపిక లేదు. పై ఆస్తులన్నీ నా తదనంతరం ఎవరికి రాసినవి వారికి చేరతాయి. మలిగి తాళంచెవి మాత్రం అందాకా ఆగదు. ఈ కాగితం మీద సంతకం పెట్టగానే సంయుక్త చేతికిస్తాను. పొద్దున్నే షట్టరు ఎత్తే పని ఇక ఆమెది. రేపు నన్నెవరూ లేపకండి.

హైదరాబాద్, అశోక్‌నగర్
2025 నవంబరు 17

(సంతకం) అరుంధతి

ఆమె మా ఎదుటా, మేము ఆమె ఎదుటా సంతకాలు చేశాం. ఈ ఆస్తిలో మాకు భాగమేమీ లేదు.

సాక్షులు:
డాక్టర్ బుచ్చిబాబు, చిక్కడపల్లి
నాగశ్రీ, రిటైర్డ్ లైబ్రేరియన్, నారాయణగూడ