అయిదు నీలం నోట్లు

రాజమహేంద్రవరం,
11 నవంబరు 2025, మంగళవారం.

చిరంజీవి సూర్యతేజకు మామ్మ ఆశీస్సులు. ఇక్కడ నా ఆరోగ్యం కుదురుగానే ఉంది.

ఇరవై ఒకటిన వియత్నాం వెళ్తున్నావట. అక్కడ డబ్బు ఎలా మార్చుకోవాలని ఫోనులో అడిగావు. ఫోనులో చెప్పలేనిది ఒకటి ఉంది కనుక రాస్తున్నాను.

డాలర్ల నోట్లు మడతపడనివి తీసుకో. నలిగిన నోటుకు అక్కడ రేటు తగ్గిస్తారు. విమానాశ్రయంలో టాక్సీకి సరిపడా మార్చి, మిగతాది బ్యాంకులో మార్చు. లెక్కపెట్టకుండా కౌంటరు వదలకు. కార్డు గీసినప్పుడు రూపాయల్లోనా, వాళ్ల డాంగుల్లోనా అని మెషిన్ అడిగితే డాంగులనే చెప్పు. రూపాయలంటే వాళ్లకు లాభమైన రేటు వేస్తారు. ముఖ్యంగా, ఇరవై వేల నోటూ నీలమే, అయిదు లక్షల నోటూ నీలమే. రెంటి మీదా ఒకే ముఖం. మొదటిది మన అరవై ఎనిమిది రూపాయలు, రెండోది పదిహేడు వందలు. వేరువేరు కవర్లలో పెట్టుకో.

నిరుడు సెప్టెంబరులో పదకొండు మంది పెన్షనర్లం వెళ్లినప్పుడు ఉమ్మడి డబ్బు నా దగ్గరే ఉండేది. పడవ నడిపిన అమ్మాయి నిండు చూలాలు. ఊరుకోలేక బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ మీద అయిదు నీలం నోట్లు ఉంచి ఇచ్చాను. అంతసేపూ డబ్బున్న నా సంచి పట్టుకున్నది మా స్కూల్లో కుట్టు టీచరుగా చేసిన రత్నమాణిక్యం. ఆ అమ్మాయి బొటబొటా ఏడ్చింది. బొట్టుకే కరిగిపోయిందనుకున్నాను. "పడవ అమ్మాయికి, లక్ష డాంగులు" అని పుస్తకంలో రాశాను.

సాయంత్రం లెక్క చూస్తే ఇరవై నాలుగు లక్షల డాంగులు తక్కువ. డబ్బు పోయింది. మర్నాడు బస్సులో అందరి ముందూ రత్నమాణిక్యాన్ని తన సంచి విప్పమన్నాను. మందులు, సున్నుండల డబ్బా, మనవరాలికి కొన్న చెక్కబొమ్మ ఒళ్లో కుమ్మరించింది. "కుట్టు టీచరు కదండీ, లోపల దొంగజేబు కుట్టుకొచ్చిందేమో" అని ఒకావిడ అంటే అందరూ నవ్వారు. "నేను తియ్యలేదండి అక్కగారూ, ఎక్కడో జారవిడిచుంటాను" అంది. ఊరికి వచ్చాక ఎనిమిది వేల నూట తొంభై ఒక్క రూపాయలు తెచ్చి కట్టింది. రసీదు రాసిచ్చాను.

మొన్న ఆదివారం ఆర్యాపురంలో రత్నమాణిక్యం ఇంటికి వెళ్లాను. అమ్మకు మతిమరుపని కొడుకు తాతాజీ పెన్షను ఏటీఎం కార్డు తీసేసుకున్నాడట. పూలమనిషి వస్తే ఆవిడ పది రూపాయల కోసం కోడలి ముందు నిలబడింది. "చిల్లర జాగ్రత్తండి అత్తయ్యగారూ" అందా పిల్ల. రత్నమాణిక్యం నా వైపు తిరిగి, "నా దగ్గర డబ్బు నిలవదండి. వియత్నాంలో చూశారుగా" అని నవ్వింది. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఇట్లు,
మీ మామ్మ,
బాలాత్రిపురసుందరి

తా.క. పైన డబ్బు పోయిందని రాశాను. పోలేదు. మేము వచ్చిన పదో రోజున గైడు ఫొటోలు పంపాడు. పడవ అమ్మాయి చేతిలో నోట్లు పెద్దవి చేసి చూశాను. అయిదూ అయిదు లక్షలవే. రత్నమాణిక్యం డబ్బు కట్టింది ఆ మర్నాడు. అన్నీ తెలిసే తీసుకున్నాను. లెక్కల టీచరు సున్నాలు చూసుకోలేదన్న మాట పడలేక పద్నాలుగు నెలలు నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఆవిడే ఆ డబ్బు తనే పోగొట్టానని నమ్మేసింది. ఇక జరగవలసినవి:

1. ఆ ఫొటో నీ ఫోనుకు పంపుతాను. ఈ ఆదివారం వచ్చేటప్పుడు దాన్ని సున్నాలు కనబడేంత పెద్దది చేయించి తీసుకురా.
2. ఆ బస్సులో ఉన్న తొమ్మిది మందినీ నేనే ఆవిడ ఇంటికి పిలుస్తాను. చెప్పేది నేను. నువ్వు మాట్లాడకు.
3. డబ్బు ఆవిడ చేతికే ఇవ్వాలి, తాతాజీకి కాదు. "పోనీలెండి అక్కగారూ" అంటుంది. ఒప్పుకోకూడదు.
4. తాతాజీ కార్డు తిరిగి ఇచ్చేదాకా అక్కడినుంచి కదలను. ఇచ్చినా ఆవిడ మళ్లీ ధైర్యంగా నోటు పట్టుకుంటుందన్న ఆశ నాకు లేదు.
5. ఆ రోజునుంచి నా కార్డు, లెక్కల పుస్తకం నీ దగ్గర పెట్టుకో. పూలకు పది రూపాయలు కావలిస్తే నిన్ను అడుగుతాను.