సున్నా మీద ముల్లు

నాయనా, అమ్మతో కొండకు బయల్దేరే ముందు ఇది చదువు. కారు తాళం ఉప్పు జాడీ వెనక ఉంది. ఏర్పేడు బస్సుకు టైమైంది, అందుకే నిన్ను లేపలేదు.

స్పీడు మీటరు బాగైంది. నువ్వన్నట్టు దానికి దిష్టేమీ తగల్లేదు. ముందు వైర్లు చూశాను, బాగానే ఉన్నాయి. గేర్‌బాక్సు దగ్గరున్న స్పీడు సెన్సరు విప్పితే దాని పళ్లన్నీ అరిగిపోయి ఉన్నాయి. కొత్తది బిగించాను. పాతది నీ కళ్లజోడు పక్కన పెట్టాను, నమ్మకపోతే చూసుకో. మీటరు అద్దానికి నువ్వు పెట్టిన కుంకుమ బొట్టు తుడిచేశాను, కోప్పడకు. అది సరిగ్గా అరవై అంకె మీద ఉంది.

పోయినసారి కొండ దిగేటప్పుడు, పై గేటులో చీటీ మీద రాసిచ్చిన టైముకన్నా పది నిమిషాలు ముందే వచ్చావని, అంటే స్పీడుగా దిగావని కింది గేటులో ఆపితే, "ముల్లు సున్నా మీదే ఉండాది సూడబ్బా, నేనసలు కదిలినానా?" అని వాదించావే, ఆ మాట ఇక చెల్లదు.

నిన్న అమ్మను ఎక్కించుకుని వడమాలపేట దాకా పోయి చూశాను. నువ్వెప్పుడూ నలభై దాటనంటావు కదా, నేనూ నలభైలోనే పోయాను. "ఏమే, బండి ఇంకా బాగుపళ్ళేదా? మీ నాయన తోలితే ఇట్ల పాకదే" అంది అమ్మ. సరేనని, ఆమె "ఆ, ఇట్ల" అనేదాకా తొక్కాను. ముల్లు ఎనభై అయిదు చూపించింది. అమ్మ కూడా చూసింది.

ఇంకొకటి. ఘాట్‌లో అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని గోవిందా అంటుంటే, ఇన్నేళ్లూ అది భక్తి అనుకున్నాను.

ప్రశాంతి