బాతుల బీడు రాయి

ఎల్డర్‌కూం,
ఆరోహణ పండుగ దాటిన ఆదివారం, మధ్యాహ్నం.

దూరాన ఉన్న నా ఏబెల్‌కి,

నీ టామ్సిన్ రాసుకుంటున్నది. ఇక్కడ నేను, పాప, మామయ్య, పందితో సహా అందరం తిని తిరుగుతూనే ఉన్నాం. ఆ రైలు సొరంగం పనిలో నువ్వు కూడా ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావని నమ్ముతున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. నేను బడికి వెళ్ళిందే మూడు శీతాకాలాలు. దానికి తోడు కుడిచేతి చూపుడువేలికి దెబ్బ తగిలింది. ఎలా తగిలిందో చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతాది రాయడానికి ధైర్యం చాలదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. చిక్కుళ్ళు మొలిచాయి, రెండు వరుసలు నత్తలు తినేశాయి. ఇంటి కప్పు పడమటి మూల కారడం ఆగింది, పక్కింటి హెస్టర్ పిన్ని మొగుడు వచ్చి కొత్త గడ్డి కప్పి వెళ్ళాడు. పాపకి కింద రెండు పళ్ళు వచ్చాయి. నువ్వు వదిలి వెళ్ళిన తోలు బెల్టు రోజంతా కొరుకుతోంది. మామయ్య దగ్గు తగ్గింది. "నాన్న పొట్టేలు సత్రంలో కూర్చుని ఇంకా అందర్నీ నవ్విస్తున్నాడా?" అని అడిగావు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు రాయలేక మూడు రోజులుగా కాగితం ముందు కూర్చుని లేస్తున్నాను. మామయ్య సత్రానికి వెళ్ళడం మానేశారు. సోమవారం నుంచి గడప దాటలేదు.

దేశం మొత్తానికీ పటం గీసే సర్వే దొర మన ఊరికి వచ్చాడు. గొలుసులు లాగే సిపాయిలు నలుగురు ఉన్నారు వెంట. ఊరికీ ఊరికీ మధ్య హద్దు ఎక్కడో చూపించడానికి ప్రతి ఊరి నుంచీ ఒక పెద్దమనిషి కావాలట. మన ఊరి తరఫున మామయ్యనే అడిగారు. స్టోక్ మారో తరఫున సైలస్ బగ్ వచ్చాడు. మామయ్య ఆ రోజు తెల్లవారకముందే లేచి గడ్డం గీసుకున్నారు. అత్తయ్య చనిపోయినప్పుడు వేసుకున్న నల్లకోటు తీయమన్నారు. పండుగ ముందు రోజుల్లో పొలిమేర నడవడం కూడా మళ్ళీ మొదలుపెడితే రెండూ ఒకేసారి అయిపోతాయని కొత్త పాదిరిగారు అన్నారు. పాత పాదిరిగారు అదంతా మొరటు ఆచారమని ఆపించేశాక పద్నాలుగేళ్ళకి మళ్ళీ ఇదే నడక. మీ చిన్నప్పుడు హద్దు మరిచిపోకూడదని ఒక్కో రాయి దగ్గర ఒక్కో మగపిల్లాడిని తలకిందులుగా పట్టుకుని తల రాయికి కొట్టింది ఈ నడకలోనే కదా.

పొలిమేర నడకకి ఆడవాళ్ళు వెళ్ళరు. కానీ మామయ్యకి చూపు మసకబారింది, దిగుడుబాటలో రాళ్ళు తడిగా ఉంటాయి. చెయ్యి పట్టుకోవడానికని నన్ను రమ్మన్నారు. రొట్టె, జున్ను, ఆపిల్ సారా బుట్టలో పెట్టుకుని వెళ్ళాను. ముప్పైమంది మగవాళ్ళ మధ్య నేను ఒక్కదాన్ని. తల ఎత్తితే ఒట్టు.

సుద్దకొండ నెత్తి మీద మొదటి రాయి, పాత ఊరి దిబ్బల దగ్గర రెండోది, మామయ్య కళ్ళు మూసుకుని చూపించినట్టే చూపించారు. దొర మెచ్చుకున్నాడు. "ఈ తాత ఉంటే నాకు గొలుసు కూడా అక్కర్లేదు" అన్నాడు. మూడో రాయి బాతుల బీడు చివర. నీకు తెలుసు కదా, మన పెళ్ళయిన చలికాలంలో వచ్చిన వరదకి సిల్ వాగు దారి మార్చుకుంది. ఇప్పుడు బీడుకి ఇవతల నుంచి పారుతోంది. పాత వాగంతా రెల్లు పెరిగి పూడిపోయింది, గుర్తుకి ఒడ్డున ఉన్న ఆ మూడు చెట్లూ కొట్టుకుపోయాయి. రాయి కనిపిస్తే బీడు మనది. కనిపించకపోతే ఇప్పుడు పారే వాగే హద్దు, బీడు స్టోక్ మారోది. వాళ్ళ జమీందారు అప్పుడే కంచె కర్రలు కొట్టించి పెట్టుకున్నాడని చెప్పుకుంటున్నారు. కొండమీది మేత భూమి మీ తాత కాలంలోనే జమీందార్ల కంచెల పాలయింది. మన బాతులూ, హెస్టర్ పిన్ని ఆవూ, పదకొండు ఇళ్ళ పొయ్యిలోకి పుల్లలూ, అన్నీ ఆ బీడు మీదే.

మామయ్య కర్రతో పొడుస్తూ వెళ్ళారు. నేల మెత్తగా దిగుతోంది. ఇంకొంచెం పక్కకి జరిగారు. అక్కడా అంతే.

"ఇక్కడే ఉండాలి బాబూ" అన్నారు దొరతో. "మోకాలెత్తు రాయి. ఒక భుజం విరిగి ఉంటుంది. ఇటు వైపు శిలువ గీత, దాని కింద మన ఊరి మొదటి అక్షరం."

"రాయికి కాళ్ళొచ్చి సంతకి పోయిందేమోలే" అన్నాడు సైలస్ బగ్.

"నీ పళ్ళలాగా రాళ్ళు ఊరికే ఊడిపోవు సైలసూ. కాస్త ఆగు."

అందరూ నవ్వారు. అది మామయ్య నవ్వించిన ఆఖరి నవ్వు. ఆ తరువాత గంటసేపు ఆ బురదలో తిరుగుతూనే ఉన్నారు. కోటు అంచులు తడిసిపోయాయి. ముందు మనవాళ్ళు కూడా వెతికారు, తరువాత ఒక్కొక్కరే నిలబడిపోయి ఆయన్ని చూడడం మొదలుపెట్టారు. చివరికి దొర వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "పరవాలేదు తాతా. ఈ వయసులో ఎవరికైనా మరుపు సహజం" అన్నాడు. మంచివాడే, మంచిగానే అన్నాడు. సైలస్ వెక్కిరింపు కంటే ఆ మంచిమాటకే మామయ్య ముఖం పడిపోయింది.

అప్పటినుంచి గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని పొలాల పేర్లు చెప్పుకుంటున్నారు. సుద్దకొండ నెత్తి, కుందేళ్ళ వాలు, పాత ఊరి దిబ్బలు, పెద్దనేల, గుడ్డివాడి మడి, దిగుడుబాట, మర పక్క తడినేల, బాతుల బీడు. అక్కడికి వచ్చి ఆగిపోతారు. మళ్ళీ కొండ నెత్తి నుంచి మొదలు. రొట్టె పెడితే, "అమ్మాయ్, నిన్న నేను నిన్ను ఏ పేరుతో పిలిచాను? నీ పేరే కదా?" అని అడిగారు.

ఏబెల్, ఇప్పుడు రాయవలసింది రాస్తాను.

మామయ్య బుర్ర ఎక్కడికీ పోలేదు. రాయి మన ఇంట్లో ఉంది.

వరద తీసిన వసంతంలో నువ్వు వేరే ఊరి సున్నపు బట్టీ పనికి వెళ్ళి వారాల తరబడి అక్కడే ఉండేవాడివి. నేను కొత్తకోడలిని, కొండ అవతలి ఊరి పిల్లని. వాగు దగ్గర బట్టలు ఉతుకుతుంటే నీళ్ళలో పడి ఉన్న ఒక రాయి కనిపించింది. పైన చదునుగా, చక్కగా ఉంది. బట్టల తొట్టి కింద పెట్టుకోవడానికి బాగుంటుందని చక్రాల బండి మీద దొర్లించుకుని తెచ్చాను. ఒక పక్క గీతలు ఉన్నాయి, రాళ్ళు కొట్టేవాడు ఎవడో గీసినవి అనుకుని ఆ పక్క నేలకి తిప్పి పెట్టాను. పుట్టి పెరిగినవాళ్ళు ఎవరైనా చూడగానే గుర్తుపట్టేవారు. నాకు ఎవరు చెబుతారు? పొలిమేర నడక ఆగి ఉంది, నడిచినా ఆడదాన్ని. నువ్వు కోతలకి ఇంటికి వచ్చినప్పుడు ఆ రాయి మీదే కూర్చుని బూట్లు విప్పుకున్నావు. "పిల్లా, మంచి పీట సంపాదించావే" అన్నావు. చిన్నప్పుడు నీ తలని మూడుసార్లు కొట్టింది దానికేనని నీకూ తెలియలేదు.

సోమవారం మామయ్య విరిగిన భుజం, శిలువ గీత అనగానే నాకు తెలిసిపోయింది. నోరు తెరవబోయాను. ముప్పైమంది మగవాళ్ళు, దొర, సిపాయిలు. నాలుక పైకి లేవలేదు. బుట్ట పట్టుకుని అలాగే నిలబడ్డాను. మామయ్య బురదలో తిరుగుతుంటే ఆయన చెయ్యి పట్టుకుని నేనూ తిరిగాను, వెతుకుతున్నట్టు. అదే నన్ను తినేస్తోంది.

ఇంకొకటి. ఉపవాస దినాల మొదటి బుధవారం పాదిరిగారు చర్చిలో శాపాలు చదువుతారు కదా. పొలిమేర రాయి కదిపినవాళ్ళ వంతు వచ్చినప్పుడు ఊరంతా ఆమెన్ అంటుంది. రెండేళ్ళూ నేనూ అన్నాను. గట్టిగానే అన్నాను. నలుగురిలో నేను గట్టిగా అనగలిగే మాట అదొక్కటే.

శుక్రవారం పొద్దున మామయ్య మళ్ళీ బాతుల బీడు దగ్గర ఆగిపోయేసరికి ఉండబట్టలేక, "మామయ్యా, ఒకసారి పెరట్లోకి రండి" అన్నాను. తొట్టి దించాను. గునపం పెట్టి రాయిని పైకి తిప్పాను. అది జారి నా వేలి మీద పడింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని బొటనవేలితో గీతలు తడిమారు. శిలువ, దాని కింద అక్షరం, విరిగిన భుజం. చాలాసేపు తడిమారు. తరువాత నవ్వారు, ఒళ్ళంతా కదిలేట్టు.

"అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట."

"బాగుంది మామయ్యా. తప్పు నాది. దొరగారికి చెప్పేస్తాను."

నవ్వు ఆగిపోయింది. "ఎవరికీ చెప్పకు. ముసలివాడికి మతి పోయిందంటే నాలుగు రోజులు నవ్వి ఊరుకుంటారు. పొలిమేర రాయి పీకి బట్టలు ఉతుక్కున్న కోడలంటే నీ కూతురు ముసలిదయ్యేదాకా చెప్పుకుంటారు. తొట్టి మళ్ళీ పైన పెట్టు."

"బీడు పోతుంది కదా."

"పోతుంది." అంతే అన్నారు. లేవడానికి చెయ్యి అందించమన్నారు.

తొట్టి పైన పెట్టాను. కానీ మనసు ఊరుకోలేదు. పెళ్ళికి ముందు నువ్వు చెప్పిన మాట గుర్తొచ్చింది. పదేళ్ళప్పుడు పొలిమేర నడకలో ఆ రాయి దగ్గర కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీస్తే, చర్చి గోపురం ఆకాశంలోంచి వేలాడుతూ, దాని కోడిబొమ్మ సరిగ్గా సున్నపు బట్టీ నోట్లో ముక్కు పెట్టినట్టు కనిపించిందని చెప్పి నవ్వించావు. నిన్న పుల్లకూర కోసుకొస్తానని చెప్పి వాగు దాటి బీడు మీదికి వెళ్ళాను. చుట్టూ చూసి, వంగి, కాళ్ళ సందులోంచి చూశాను. కోడి బట్టీకి దూరంగా ఉంది. పది అడుగులు జరిగి మళ్ళీ వంగాను. అలా ఎన్నిసార్లు వంగానో.

"ఏమే టామ్సిన్" అని వాగు అవతల నుంచి హెస్టర్ పిన్ని కేక. "తలకిందులుగా ఎవరికోసం చూస్తున్నావ్? మొగుడు అటునుంచి గాని దిగుతున్నాడా?"

"సూది పడిపోయింది పిన్నీ."

"బీడు మీద సూదా. నీ పుల్లకూర కుట్టి వండుతావా ఏమిటి."

ఆమె వెళ్ళాక మళ్ళీ వంగాను. కోడి బట్టీ నోట్లోకి వచ్చింది. అదే గీత మీద రెల్లులోంచి వెనక్కి నడుస్తూ పోతే మడమ ఒక గుంటలో దిగింది. చేత్తో తడిమాను. చుట్టూ పిడికిలంత రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. మధ్యలో ఖాళీ, మన రాయి అడుగు ఎంతో అంత. అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను.

రేపు పొద్దున దొర దగ్గరికి వెళ్తాను. సత్రంలోనే ఉంటున్నాడు, వచ్చే శనివారం రెండు ఊళ్ళ పెద్దలతో పటం మీద సంతకాలు చేయించి వెళ్ళిపోతాడట. రాయిని బండి మీద పెట్టుకుని వెళ్తాను. రాయి లేకుండా వెళ్తే గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చేస్తానని నాకు తెలుసు. చెప్పవలసిన మాట కోళ్ళకి మేత వేస్తూ చెప్పి చూసుకుంటున్నాను: దొరగారూ, మా మామయ్య మరిచిపోలేదు, రాయి తీసింది నేను. ఒక్కసారి కూడా చివరిదాకా గొంతు వణకకుండా రాలేదు.

దొర నమ్మకపోవచ్చు. బీడు కోసం ఎక్కడిదో రాయి తెచ్చి నాటకం ఆడుతున్నామని సైలస్ బగ్ తప్పకుండా అంటాడు. అందుకే నీ సాయం కావాలి. ఆఖరి నడకలో ఆ రాయికి తల కొట్టించుకున్నవాడివి నువ్వు ఒక్కడివే. దొరకి ఉత్తరం రాయి. నేను రాసింది చూసి రాయకు. ఈ కాగితం పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, తలకిందులుగా నీకు ఏం కనిపించిందో అది రాయి. నేను తప్పుగా గుర్తుపెట్టుకుని ఉంటే నీకు గుర్తున్నదే నిజం. రేపటి తపాలాలో వేస్తే ఇది బుధవారానికి నీకు చేరుతుంది. అదే రోజు పంపితే శుక్రవారానికి ఇక్కడికి వస్తుంది.

ఊళ్ళో ఏమంటారో తెలియదు. పదకొండు ఇళ్ళవాళ్ళూ నా ముఖం మీద తలుపు వేస్తే నువ్వు వచ్చేదాకా ఓర్చుకుంటాను. నువ్వు కూడా కోప్పడితే మాత్రం ఓర్చుకోలేను. కోపం వస్తే దొరకి ఉత్తరం రాశాకే నా మీద కోప్పడు.

ఇప్పుడే మామయ్య లోపలికి వచ్చి, "వాడికేనా? నా మతి సంగతి రాయకు" అన్నారు. రాయనన్నాను. రాసింది రాయి సంగతే కదా. ఆయన మళ్ళీ గుమ్మం దగ్గర కూర్చుని పేర్లు చెప్పుకుంటున్నారు. బాతుల బీడు దగ్గర ఆగలేదు, మూడో రాయి అని, దాని తరువాత వచ్చే ఉరికొయ్య మూల దాకా వెళ్ళారు. వింటూ వింటూ నాకూ అన్నీ వచ్చేశాయి.

వేలి గోరు నల్లబడింది, ఊడిపోతుందని పిన్ని అంది. ఆడపిల్లల్ని ఎవరూ రాళ్ళకేసి కొట్టరు. కానీ ఈ హద్దు ఎక్కడుందో ఇక నేనూ మరిచిపోను.

ఇట్లు,
నీ రాక కోసం చూసే నీ భార్య,
టామ్సిన్