ట్రౌట్ చేపతో సొరపిట్టు

కిచెనర్,
సెప్టెంబర్, ఆదివారం.

అమ్మకి,

నిఖిల నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, నా ముక్కు తప్ప. ఇల్లంతా నీచు కంపు. కిటికీలన్నీ తెరిచాను. సాంబ్రాణి వేస్తే స్మోక్ అలారం మోగింది. నిమ్మతొక్కలు ఉడకబెడితే ఇప్పుడు నిమ్మకాయలు కూడా చేప కంపే కొడుతున్నాయి.

ఫోన్ చెయ్యక ఈ ఉత్తరమేమిటే అంటావు. వీడియో కాల్ అంటే నీ పక్కన పిన్ని, పిన్ని వెనక పక్కింటివాళ్ళు, అందరికీ పాపని తిప్పి తిప్పి చూపించాలి. నీతో ఒక్కదానితోనే మాట్లాడాలనిపించింది.

బాలింత కాయం డబ్బాతో పాటు నువ్వు పంపిన ఉత్తరం అందింది. అందులో అడిగినవాటికి జవాబులివిగో. పాపది నీ పోలికే, ముక్కు మాత్రం వాళ్ళ నాన్నది. స్నానం నేనే పోస్తున్నాను. పాలు ఇంకా సరిగా పడటం లేదు, డబ్బా పాలు కూడా పడుతున్నాం. బాలింతకి సొరపిట్టు పెడితే పాలు బాగా పడతాయని రాశావు చూడు, అదే కొంప ముంచింది. ఆ ముక్క నీ అల్లుడు చదివాడు.

ఇక్కడ సొరచేప ఎక్కడ దొరుకుతుంది? నిన్న గోపీ, తన ఆఫీసులో పనిచేసే సంజయ్‌తో కలిసి గ్రాండ్ నదికి వెళ్ళి బ్రౌన్ ట్రౌట్ అనే చేపని పట్టుకొచ్చాడు. "ఏదో ఒక చేపే కదా నిఖీ, పిట్టు చేసేద్దాం," అన్నాడు. చిన్నప్పుడు రొయ్య మీసం చూసి ఏడ్చేవాడినని తనే చెప్పుకున్న మనిషి!

ఆ చేపని నువ్వు చూడాలమ్మా. వద్దులే, చూడకు. ఒంటి నిండా చీమిడి లాంటి జిగురు. గోధుమరంగు చర్మం మీద ఎర్ర మచ్చలు, వాటి చుట్టూ పాలిపోయిన వలయాలు, మానుతున్న పొక్కుల్లాగా. థూ! నాలుక మీద కూడా పళ్ళే. అసలు ఇది ఈ దేశపుదే కాదట. వందేళ్ళ కిందట యూరప్ నుంచి తెచ్చి వదిలారట. ఇక్కడి బ్రూక్ ట్రౌట్ అనే చిన్న చేపల చోటు ఆక్రమించి, వాటి తిండి తిని, వాటినీ తింటుందట. అయినా ఏటా పెంచి మరీ ఏట్లో పోస్తున్నారు. పగలంతా గట్టు కింద నక్కి, పొద్దుగూకాక వేటకి బయల్దేరుతుందట. చలి మొదలవగానే ఆడది తోకతో గులకరాళ్ళు తవ్వి, గుడ్లు పెట్టి, పైన రాళ్ళు కప్పి తన దారిన తను పోతుందట. మళ్ళీ అటు చూడదు. గోపీ చేప తోముతూ ఇదంతా మురిసిపోతూ చెప్పాడు.

తర్వాత సింకులో దాని పొట్ట కోశాడు. నేను పాపని భుజాన వేసుకుని చూస్తున్నాను. ముందు పీత కాళ్ళలాంటివేవో జారాయి. ఆ వెనకే వేలెడంత చేపపిల్ల, సగం కరిగిపోయి. దాని మీదా అవే ఎర్ర మచ్చలు.

"ఇదీ ట్రౌటే! పెద్దయ్యాక సొంత జాతి పిల్లల్ని కూడా వదలవట," అని నవ్వాడు.

"ఛీ! అవతల పారెయ్!"

"పాలు పడాలా వద్దా? నీ కోసమే కదా ఈ తిప్పలన్నీ."

మళ్ళీ వద్దన్నాను. అయినా ఉడకబెట్టాడు. సొరకి ముల్లుండదు, దీనికేమో వెంట్రుకల్లాంటి ముళ్ళు. కూర్చుని ఏరి ఏరి, అల్లం, పచ్చిమిర్చి వేసి వేయించి, తనే ముద్ద కలిపి నోట్లో పెట్టాడు. ఒక్క ముద్దకే పరిగెత్తి వెళ్ళి కక్కుకున్నాను. పాపం, చిన్నబుచ్చుకున్నాడు. కంపు పడలేదని చెప్పాను. అసలు సంగతి అది కాదు.

నీ ప్రశ్నల్లో ఒకదానికి నేనింకా జవాబు రాయలేదు. "పాపని చూస్తుంటే కడుపు నిండిపోతోందా?" అని అడిగావు. లేదమ్మా. ఎత్తుకుంటే ఏమీ అనిపించడం లేదు. ఎవరి పిల్లనో చూసుకుంటున్నట్టుంది. ఏడిస్తే ఒళ్ళు మండిపోతోంది. మొన్న దాన్ని ఉయ్యాల్లో వదిలేసి, బాత్రూంలో తలుపేసుకుని, ఏడుపు వినపడకుండా షవర్ తిప్పాను. గోపీ వచ్చేదాకా బయటికి రాలేదు. ఆ చేపని చూసి ఛీ అన్నాను కదా, అది నాకే తగిలింది. నేనూ అలాంటిదాన్నేనేమోనని భయంగా ఉందమ్మా.

గురువారం పాపని చూడటానికి నర్సు వస్తుంది, ఆవిడకి చెబుతాను. గోపీకి చెప్పడానికి నోరు రావడం లేదు. ఈ ఉత్తరం పోస్టు చెయ్యమని కవరు అంటించకుండా అతని చేతికే ఇస్తాను. నీ ఉత్తరాలు చదివే అలవాటు ఉంది కదా, నాదీ చదవనీ.

నేను పుట్టినప్పుడు నీకెలా ఉండేదో చెప్పు. రాయడం కష్టమైతే పిన్ని లేనప్పుడు ఫోన్ చెయ్యి. ముద్దుగా ఉండేదానివి అని మాత్రం చెప్పకు, అది చాలాసార్లు విన్నాను. నిజం చెప్పు.

ఇట్లు,
నీ కూతురు,
నిఖిల