సైరన్ మోగినా ఆగకు

గోదావరిఖని

బిడ్డా హర్షిణీ,

ఫోన్లో అయితే అరుస్తానని, రాసి ఫొటో పంపుతున్నాను. నీ మొదటి ప్రొఫెషనల్ టెన్నిస్ టోర్నీలో పక్క ఫ్యాక్టరీ సైరన్ మోగితే సర్వీసు చెయ్యకుండా బంతి పట్టుకుని నిలబడ్డావట. ఆలస్యమైందని అంపైర్ ఫాల్ట్ ఇచ్చాడు, ఆఖరికి ఆ ఆట నువ్వు ఓడావు. పేపరోడేమో 'భయపడింది' అని రాశాడు.

భయమా? గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగగానే, పేలుడు అదురుకు పైకప్పు సున్నం అన్నంలో రాలుతుందని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి ఆగడం మన ఇళ్లల్లో పిల్లలకు మొదట నేర్పే పని. ఇళ్ల పక్కదాకా గని ఎందుకొచ్చిందో ఆ పేపరోడు అడగడేం?

మీ బాపు మాత్రం "ఆ అలవాటు చేసింది నేనే గదనే అన్నా" అంటూ సరిగా తింటలేడు. వాడితో మాట్లాడు.

వచ్చే వారం అదే కోర్టులో ఆడాలె కదా. సైరన్ మోగితే ఆగకు, కొట్టు. కంచాలు మేం మూసుకుంటాం.

మీ పెద్దబాపు