బోర్లించిన గిన్నె

ధర్మవరం,
శుక్రవారం, 7-3-2025

పూజ్యురాలైన తిరుపాలమ్మ వదినకు,

నీ ఆడబిడ్డ గంగాదేవి నమస్కరించి రాసుకునేది. కదిరి నరసింహస్వామి దయవల్ల మేమిద్దరం వియత్నాం దేశం పోయి క్షేమంగా తిరిగొచ్చాము. నీ మోకాలి నొప్పి తగ్గిందా? గట్టు మీది బోరులో నీళ్ళు అలాగే పడుతున్నాయా? మేనల్లుడు శశికి నా ఆశీస్సులు.

ఫోను ఉండగా ఈ కాగితాలెందుకని నీకు నవ్వొస్తుంది. నీకు చెవి మందం కాబట్టి ఫోను స్పీకరులో పెడతావు. నేను మాట్లాడేది శశి వింటాడు, పక్కింటి ఓబమ్మ వింటుంది, కొట్టంలో ఎద్దులకు మేత వేసేవాడు కూడా వింటాడు. నేను చెప్పవలసింది అలా చెప్పేది కాదు. ముఖం చూసి చెబుదామంటే నాకు ధైర్యం చాలదు. నాలుగు రోజులుగా పూజకు కూర్చుంటే మంత్రం ముందుకు పోవడం లేదు. అందుకని ఈ పొద్దు దేవుడి గదిలోనే కూర్చుని పెన్ను పట్టుకున్నాను.

ప్రయాణానికి ముందు నువ్వు నన్నొక మాట అడిగావు. మన చేనికీ కుళ్లాయప్ప చేనికీ మధ్య గట్టు మీద, రెండిళ్ళవాళ్ళూ కలిసి వేసిన బోరుకు నీళ్ళు పడ్డాయని, ఉగాదికి ముందు వచ్చే శుక్రవారం గంగపూజ చేస్తామని, ఆ రోజు కుళ్లాయప్ప మనతో ఒకే పంక్తిలో కూర్చుంటాడని చెప్పావు. ఇంటి ఆడబిడ్డ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే మిగిలినవాళ్ళు చెయ్యి పెట్టడం మన ఊరి పద్ధతి కదా. వస్తావామే గంగా, కూకుంటావా లేదా, ఒగ మాట చెప్పు అన్నావు.

నేను చెప్పలేదు. మా అన్న ఓబన్నను నరికిన గుంపులో ఆ కుళ్లాయప్ప ఉన్నాడు. జైలుకు పోయి శిక్ష అనుభవించి వచ్చినంత మాత్రాన ఆ చెయ్యి వేరే చెయ్యి అవుతుందా అనుకున్నాను. నువ్వు రెండోసారి కూడా అడిగావు. నువ్వు విస్తరి బోర్లిచ్చి లేస్తే మన పిల్లోళ్ళు మళ్ళా కత్తులు పట్టుకుంటారు, బోరూ పోతాది, శశీ పోతాడు, బాగా ఆలోచన చేసుకో అన్నావు. నేను సిగ్నల్ లేదని చెప్పి ఫోను పెట్టేశాను. సిగ్నల్ ఉంది వదినా.

ఆ మాట మనసులో పెట్టుకునే విమానం ఎక్కాను. మా ఆయనకు పట్టుదారం అమ్మే బెంగుళూరు షావుకారు, పాత ఖాతాదార్లను తిప్పుకొస్తానని తీసుకుపోయిన టూరు అది. ధర్మవరం నుంచి మేము, మా వీధిలో చీరల అంగడి పెట్టుకున్న ఎర్రిస్వామి దంపతులు, ఇంకో రెండు జంటలు. ఎర్రిస్వామి సంగతి నీకు తెలుసు కదా, నోరు ఊరుకోదు. ఏమక్కా, ఆడ కప్పల కూర పెడ్తారంట, నీ శనివారం ఒక్కపొద్దు ఈ తడవ వారమంతా చేసుకో అని బెంగుళూరు దాకా ఏడిపించాడు. నేను బొరుగులు, చట్నీపొడి, ఊరగాయ కట్టుకునే పోయాను.

అక్కడ మూడో రోజు మమ్మల్ని పట్టుపురుగులు పెంచే ఒక పల్లెకు తీసుకుపోయారు. లాన్ అనే అమ్మాయి దారి చూపించేది. ఆమె ఇంగ్లీషులో చెబితే, టూరు వెంట వచ్చిన హిందూపురం అబ్బాయి విష్ణువర్ధన్ మాకు తెలుగులో చెప్పేవాడు. ఈ ఉత్తరంలో అక్కడివాళ్ళ మాటలన్నీ ఆ అబ్బాయి నోట విన్నవే. మాతోబాటే ఇంకో వ్యానులో అమెరికావాళ్ళు దిగారు. వాళ్ళలో చేతికర్ర పట్టుకున్న ఒక పొడుగాటి ముసలాయన, ఆయన కూతురు ఉన్నారు. ఆయన పందొమ్మిదేళ్ళ వయసులో సిపాయిగా ఆ దేశం మీదికే యుద్ధానికి వచ్చాడని లాన్ చెప్పింది.

ఆ ఊరివాళ్ళు వాళ్ళను చూసి ముఖం తిప్పుకుంటారేమోనని నేను చూస్తూ ఉన్నాను. అలాంటిదేమీ లేదు. బడి పిల్లలు హలో హలో అంటూ వెంటబడ్డారు. టోపీలు అమ్మే ఆమె ఆ ముసలాయన నెత్తిన టోపీ పెట్టి, అద్దం చూపించి, పడీపడీ నవ్వింది. ఎర్రిస్వామి ఊరుకుంటాడా? సిగ్గు లేదు గదప్పా వీళ్ళకు, నెత్తిన బాంబులేసినోళ్ళ నెత్తిన టోపీలు పెడ్తాండారు, అంతా దుడ్ల మాయ అన్నాడు. విష్ణువర్ధన్ అది ఎలా చెప్పాడో ఏమో, లాన్ కోప్పడలేదు. దుడ్లు కూడా కావాల్సిందే కదా, మాలో శానామంది ఆ యుద్ధం అయిపోయినంక పుట్టినోళ్ళం అంది. మేము దాటిపోతున్న ఒక ఇంటి ముందు పెద్దాయన ఒకాయన పీట మీద కూర్చుని ఉన్నాడు. అమెరికావాళ్ళ వ్యాను కనపడగానే లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. వాళ్ళు ఎప్పుడొచ్చినా ఆయన అంతేనట. ఊర్లో ఎవరూ ఆయన్ను ఏమీ అనరట.

ఆ పక్క ఇల్లే మేము పోవలసిన ఇల్లు. ఇంటామెకు డెబ్భై దాటి ఉంటాయి. అందరూ ఆమెను బా అంటారు, మనం అవ్వ అన్నట్టు. లోపలికి పోగానే మన పురుగుల కొట్టంలో వచ్చే మల్బరీ ఆకు వాసనే వచ్చింది. నేను ఒక పట్టుగూడు తీసుకుని చెవి దగ్గర ఆడించి చూశాను. లోపల పురుగు గూడుకు అంటుకోకుండా గలగలమంటే మంచి గూడు అని నాయన నేర్పించినాడు కదా. ఆ అవ్వ అది చూసి పక్కున నవ్వి, తనూ ఒక గూడు తీసి నా చెవి దగ్గర ఆడించింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా కాసేపట్లోనే చుట్టరికం కలిసినట్టయింది.

గోడకు వాళ్ళ దేవుడి గూడు, దాని కింద ఇద్దరు పడుచు పిల్లల ఫోటోలు ఉన్నాయి. అవ్వ అన్నలట. ఇద్దరూ ఆ యుద్ధంలోనే పోయారట. అమెరికా ముసలాయన టోపీ తీసి ఆ ఫోటోల ముందు నిలబడిపోయాడు. అవ్వ ఊదుబత్తి వెలిగించి గూట్లో పెట్టింది. ఇంకొకటి వెలిగించి ఆయన చేతికిచ్చింది.

తర్వాత చాపలు పరిచి అందరినీ వరసగా కూర్చోబెట్టి, ముందర తలా ఒక గిన్నె పెట్టింది. మేము మాంసం ముట్టమని ముందే తెలిసి, మా కోసం కొత్త బాణలి కొని అందులో ఆకుకూర వండిందట. అన్నం పెట్టింది. వేయించిన శనక్కాయలు, నువ్వులు, ఉప్పు కలిపి దంచిన పొడి పెట్టింది. అన్నం మొదట ఎవరికి పెట్టింది అనుకుంటున్నావు? ఆయనకే. తన అన్నల ఫోటోల ఎదురుగా కూర్చోబెట్టి, తన చేత్తో.

వదినా, నేను చేసింది రాయడానికి చెయ్యి రావడం లేదు.

నేను గిన్నె బోర్లించాను. బోర్లించి లేచి నిలబడ్డాను. ఆమె మీద కోపంతో కాదు. ఆ స్వామి సాక్షిగా, ఆమె తరఫున లేచాననుకున్నాను. పాపం ఒంటరి ముసలామె, ఊరందరూ దుడ్లకు ఆశపడితే ఆమె కూడా తప్పక వడ్డిస్తోంది, అన్నను పోగొట్టుకున్న నేనైనా ఆమె పక్షాన నిలబడాలి అనుకున్నాను.

అవ్వకు అర్థం కాలేదు. తన వంటలో ఏదో దోషం ఉందనుకుంది. ఆకుకూర రుచి చూసింది. శనక్కాయ పొడి నాలుక మీద వేసుకుని చూసింది. వంటింట్లోకి పరుగున పోయి బాణలి తెచ్చి, ఇదిగో కొత్తదే, ఇందులో మాంసం వండలేదు అని నాకు తిప్పి తిప్పి చూపించింది. అడుగున అంగడివాడు అంటించిన కాగితం ఇంకా సగం ఊడకుండా ఉంది. అప్పుడైనా నేను కూర్చుని ఉండవలసింది.

ఏమైందక్కా అన్నాడు విష్ణువర్ధన్. నా గొంతు పక్క గదిలోకి వినపడదని నువ్వే అంటావు కదా. ఆ రోజు ఎక్కడ నుంచి వచ్చిందో. మా ఊర్లో అన్నను చంపినోడు పంక్తిలో కూకుంటే ఆ ఇంటి ఆడబిడ్డ విస్తరి బోర్లిచ్చి లేస్తాది, ఈయమ్మకు ఎవురూ లేరు కాబట్టి నేను లేస్తాండా, చెప్పు ఆమెకు అన్నాను. ఇది చెప్పేదా అక్కా, వద్దులే అని నసిగాడు ఆ అబ్బాయి. చెప్పాల్సిందే అన్నాను. లాన్‌కు చెప్పాలంటే ఇంగ్లీషులోనే చెప్పాలి. ఆ ఇంగ్లీషు ఆ ముసలాయన సొంత భాషేనన్నది నా బుద్ధికి తట్టలేదు. అవ్వ కన్నా ముందు ఆయనే విన్నాడు.

ఆయన చేతిలో గిన్నె కింద పెట్టేశాడు. కర్ర ఊతంతో కష్టం మీద లేచాడు. గడపలో కూర్చుని బూట్లు వేసుకోబోతే తాళ్ళు ముడిపడలేదు. కూతురు వంగి కట్టింది.

లాన్ చెప్పాక అవ్వకు అంతా తెలిసింది. ఆమె అరవలేదు. వంగి నా గిన్నె తీసి వెల్లకిలా పెట్టింది. అప్పుడు అన్న మాటలు విష్ణువర్ధన్ తలవంచుకుని చెప్పాడు. పక్కింటాయన కొడుకు యుద్ధంలో పోయినాడు, వీళ్ళొస్తే తలుపేసుకుంటాడు, ఆ తలుపు ఆయనది, నేనేమీ అనను. ఆయన ఎన్నడూ నా ఇంటికొచ్చి నా గిన్నె బోర్లించలేదు. ఈ అన్నలు నాకు అన్నలు. వాళ్ళ కోసం ఎప్పుడు ఏడవల్ల, ఎవురికి అన్నం పెట్టల్ల అని నాకు నేర్పేకి నువ్వెవురు? అతన్ని క్షమించినానని నేను నీతో చెప్పినానా? అన్నం పెడ్తాండా, అంతే.

అలా అని గడప దగ్గరికి పోయి, అంత పొడుగు మనిషిని ముంజేయి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. అన్నం చల్లారిపోతాంది, ముసలోడివి నీకూ బుద్ధి లేదా అని ఆయన్ను కూడా తిట్టిందట. ఆయన కళ్ళ నీళ్ళతో కూర్చున్నాడు. నేను సిగ్గుతో చేతులు జోడించాను. నా గిన్నె తీసుకుని మళ్ళీ కూర్చున్నాను. ఆమె వడ్డించింది, తిన్నాను.

ఇక్కడికొచ్చాక ఇంకో శిక్ష మొదలైంది. ఎర్రిస్వామి వీధంతా చాటుతున్నాడు. మా గంగక్క అమెరికావాణ్ణే పంక్తిలో నుంచి లేపిందప్పా, సీమ ఆడబిడ్డ అంటే అట్లుండల్ల అని. మా ఆయన కూడా పక్కన నిలబడి నవ్వుతున్నాడు. మొన్న గుడిలో మా వీధి హేమలత అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని, నీ పౌరుషం మాకుంటేనా అక్కా అంది. పూజారి గంగాధరం స్వామి కూడా మెచ్చుకుని రెండు పూలు ఎక్కువ ఇచ్చాడు. ఆ పూలు తలలో పెట్టుకోలేక కొంగున కట్టుకుని వచ్చేశాను. తిట్టినవాళ్ళుంటే ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

వదినా, ఓబన్న నాకు అన్న. నీకు మొగుడు. శశి పాలు తాగే పిల్లవాడుగా ఉన్నప్పుడు నీ తాళి తెగింది. గట్టు మీద కుళ్లాయప్పతో మాట్లాడడానికి పోయిన రోజు నువ్వు ఏమి మింగుకుని పోయావో నేనెప్పుడూ అడగలేదు. నీకు రోషం లేదని మాత్రం మనసులో అనుకున్నాను. నీ ఇంటికి నువ్వు పిలిచిన మనిషిని చూసి విస్తరి బోర్లించే హక్కు నాకుందనుకున్నాను. ఆ హక్కు నాది కాదని తెలుసుకోవడానికి సముద్రం దాటి పోవలసి వచ్చింది.

నువ్వడిగిన మాటకు జవాబు ఇది. గంగపూజకు వస్తాను. పంక్తిలో కూర్చుంటాను. మొదటి ముద్ద తింటాను.

నీ ఆడబిడ్డ,
గంగాదేవి

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టి, అంటించలేక మళ్ళీ తీశాను. దేవుడి ఎదురుగా కూర్చుని నీకు అబద్ధం రాశాను. నేను మళ్ళీ కూర్చోలేదు. చేతులు జోడించలేదు. అందరూ తినేదాకా వ్యానులో ముఖం కప్పుకుని ఉన్నాను. బండి కదిలేటప్పుడు అవ్వ పరుగున వచ్చి, నా వంతు అన్నం, ఆ శనక్కాయ పొడి అరిటాకులో కట్టి కిటికీలో నుంచి నా ఒడిలో పెట్టింది. అందరూ చూస్తున్నారని తీసుకున్నాను. హోటలుకు పోయాక ఆ పొట్లం చెత్తబుట్టలో వేశాను. ఆయన ముంజేయి పట్టుకున్న చేత్తో కట్టిన అన్నం గొంతు దిగదనిపించింది. గిన్నె బోర్లించింది తెలియక చేశాను వదినా. అన్నం పారేసింది అన్నీ విన్నాక, అన్నీ తెలిసి చేశాను.

కాబట్టి పైన రాసిన ధైర్యాన్ని నమ్మవద్దు. తప్పకుండా వస్తాను, అంతవరకు నిజం. నన్ను నీ పక్కనే కూర్చోబెట్టుకో. వడ్డన మొదలైనప్పుడు నా ఎడమ చెయ్యి గట్టిగా పట్టుకో. ముద్ద మింగేదాకా వదలవద్దు. ఈ కాగితాలు పొయ్యిలో వేయవద్దు, నీ పెట్టెలో అడుగున దాచు. ఎవరికీ చూపవద్దు, శశికి అసలే వద్దు. ఆ రోజు నేను లేవబోతే, నాకు మాత్రం చూపించు.